బూట్ డ్రైవ్ అరిగిపోయింది, క్లోన్ చేయాలా? కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలా?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది హనుమకొండ. ఆఫీసులవాళ్లు అమ్మేసిన చిన్న డెస్క్‌టాప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, రెండున్నరేళ్లుగా ఇంట్లో ప్రాక్స్‌మాక్స్ (ఒకే మెషీన్‌లో చాలా సిస్టమ్‌లను విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాను. 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ మీద ప్రాక్స్‌మాక్స్ ఉంది. 1 టీబీ ఎన్‌వీఎంఈ మీద జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌తో చేసిన స్టోరేజ్) పెట్టి అందులో ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ వీఎం (వర్చువల్ మెషీన్), ఫొటోలు సర్దుకునే ఇమిచ్ కంటైనర్ (వీఎం లాంటిదే, ఇంకా తేలికైనది) ఉంచాను. మొదట్లో ఒక వీడియో చూసి బూట్ డ్రైవ్ మీద ప్రాక్స్‌మాక్స్ చేసుకునే రెండు స్టోరేజ్‌లలో లోకల్-ఎల్‌వీఎం తీసేసి, ఆ జాగానంతా లోకల్‌లో కలిపేశాను. ఇంట్లో అందరికీ డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేర్లకు అడ్రస్ వెతికిపెట్టేది) చూసుకుంటూ ప్రకటనలు ఆపే పై-హోల్ కంటైనర్ అక్కడే ఉంది. రోజూ రాత్రి బ్యాకప్ కూడా లోకల్‌లోకే వెళ్తుంది, దాదాపు 45 జీబీ. చివరి రెండు కాపీలు ఉంటాయి. ఫొటోలు మాత్రం 4 టీబీ యూఎస్‌బీ హార్డ్ డిస్క్ మీద ఉన్నాయి. మా నాన్నగారి పాత ఆల్బమ్‌లన్నీ స్కాన్ చేసి అందులోనే పెట్టాను. మొన్న డిస్కుల పేజీ చూస్తే ఎస్‌ఎస్‌డీ వేర్‌అవుట్ (అరుగుదల) 92 శాతం అని ఉంది. ఇప్పటిదాకా రాసిన డేటా 73 టీబీ, కంపెనీ చెప్పిన పరిమితి 80 టీబీ. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. డ్రైవ్‌ను క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయాలా, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలా? ఏ డ్రైవ్ కొనాలి?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు భయపడుతున్నది ఎస్‌ఎస్‌డీ గురించి. నాకు అంతకంటే ఎక్కువ భయం వేసింది ఆ యూఎస్‌బీ హార్డ్ డిస్క్ గురించి. ఆ సంగతికి వస్తాను. ముందు ఎస్‌ఎస్‌డీ లెక్క చూద్దాం.

92 శాతం అంటే డ్రైవ్ రేపో ఎల్లుండో ఆగిపోతుందని కాదు. కంపెనీ ఇంత రాత వరకు పూచీ అని చెప్పిన దానిలో 92 శాతం వాడేశారని మాత్రమే. 100 దాటాక కూడా చాలా డ్రైవ్‌లు నడుస్తాయి. సాటా డ్రైవ్‌లలో ఈ అంకెను ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా చూపిస్తుంది. కొన్నిటిలో 100 నుంచి కిందికి దిగుతుంది, కొన్నిటిలో సున్నా నుంచి పైకి ఎక్కుతుంది. కాబట్టి అంకె ఒక్కటే చూసి నమ్మకూడదు. మీ విషయంలో 80కి 73 అంటే 91 శాతం పైచిలుకు. రెండు లెక్కలూ కలుస్తున్నాయి కాబట్టి మీ డ్రైవ్ నిజంగానే అరిగింది.

ఇప్పుడు స్మార్ట్ వివరాలు (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తెరిచి రీఅలొకేటెడ్ సెక్టార్లు, అన్‌కరెక్టబుల్ ఎర్రర్లు అనే వరసలు చూడండి. అవి సున్నా దగ్గరో, ఎప్పుడో ఆగిపోయిన చిన్న అంకె దగ్గరో ఉంటే మీకు తీరిగ్గా పని చేసుకునే వ్యవధి ఉంది. వచ్చే ఆదివారం పెట్టుకోవచ్చు. నిన్నటికీ ఇవాళ్టికీ పెరుగుతుంటే, లేదా సిస్టమ్ లాగ్‌లో ఆ డిస్క్ పేరుతో ఐ/ఓ ఎర్రర్లు కనిపిస్తుంటే, ఈ రాత్రే బ్యాకప్ బయటికి తీయండి. అరిగిన ఎస్‌ఎస్‌డీ ఎలా పోతుందో ముందుగా చెప్పలేం. కొన్ని రాతను ఆపేసి చదవడానికి మాత్రం వీలిస్తాయి. కొన్ని అసలు బయాస్‌లోనే కనిపించకుండా పోతాయి.

రెండున్నరేళ్లలో 73 టీబీ అంటే రోజుకు సుమారు 80 జీబీ. ఒక బూట్ డ్రైవ్‌కు ఇది చాలా ఎక్కువ. అందులో 45 జీబీ మీ రాత్రి బ్యాకప్పే. అంటే ఈ డ్రైవ్‌ను సగానికి పైగా అరగదీసింది బ్యాకప్. పైగా అది పోవడానికి సిద్ధంగా ఉన్న డిస్క్ మీదే కూర్చుంది. ఆ ఎస్‌ఎస్‌డీ పోయిన రోజున ప్రాక్స్‌మాక్స్, పై-హోల్, రెండు బ్యాకప్‌లు అన్నీ ఒకేసారి పోతాయి. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాల్ చేయగానే బ్యాకప్‌లు పెట్టుకోవడానికి కనిపించేది లోకల్ ఒక్కటే, అది బూట్ డ్రైవ్ మీదే ఉంటుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు.

మిగతా 35 జీబీ చిన్న చిన్న రాతలు. ప్రాక్స్‌మాక్స్ గ్రాఫ్‌ల కోసం లెక్కలు రాస్తూనే ఉంటుంది, లాగ్‌లు రాస్తుంది. హై అవైలబిలిటీ సర్వీసులు (ఒక మెషీన్ ఆగితే ఇంకోటి పని అందుకునేలా చూసేవి) రెండు ఒకే మెషీన్ ఉన్నా కొన్ని సెకన్లకోసారి తమ స్థితిని నమోదు చేస్తుంటాయి. పై-హోల్ నిమిషానికోసారి తన డేటాబేస్‌లో రాస్తుంది. రాసేది కొంచెమే అయినా వెంటనే డిస్క్ మీద పడాలని అడుగుతుంటాయి కాబట్టి మామూలు ఎస్‌ఎస్‌డీ లోపల అంతకు ఎన్నో రెట్లు అరుగుతుంది.

ఇక ఫొటోల సంగతి. ఇమిచ్ కంటైనర్‌కు హార్డ్ డిస్క్ ఫోల్డర్‌ను బైండ్ మౌంట్ చేసి (బయటి ఫోల్డర్‌ను లోపల ఉన్నట్టు చూపించి) ఇచ్చి ఉంటారు. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ బైండ్ మౌంట్‌లోని ఫైళ్లను ఎప్పుడూ తీసుకోదు. బ్యాకప్ లాగ్ తెరిచి చూడండి, ఆ మౌంట్ పాయింట్‌ను వదిలేసినట్టు ఒక లైను ఉంటుంది. రోజూ రాత్రి బ్యాకప్ సక్సెస్ అని పచ్చగా కనిపిస్తుంది, మీ నాన్నగారి ఫొటోలు మాత్రం అందులో ఒక్కటి కూడా ఉండవు. ఆ స్కాన్లకు ఈ ప్రపంచంలో ఉన్న ఏకైక కాపీ ఆ హార్డ్ డిస్క్. ఎస్‌ఎస్‌డీ కొనడానికి వెళ్లినప్పుడు దయచేసి ఫొటోలన్నీ పట్టే పోర్టబుల్ హార్డ్ డిస్క్ కూడా ఒకటి తెచ్చుకోండి. ఫొటోల ఫోల్డర్ మొత్తం దానిలోకి కాపీ చేసి, ఇమిచ్ కంటైనర్ తాజా బ్యాకప్‌ను కూడా పక్కనే పెట్టండి. ఆల్బమ్‌లు, మనుషుల పేర్లు, ముఖాల వివరాలు ఇమిచ్ డేటాబేస్‌లో ఉంటాయి, అది లేకపోతే ఫొటోలు మిగిలినా మీరు సర్దుకున్న వరస పోతుంది. ఆ డిస్క్‌ను అక్కయ్యగారింట్లోనో, తమ్ముడింట్లోనో ఉంచండి. ఇది అయ్యాకే సర్వర్ మూత విప్పండి. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

క్లోనా, కొత్త ఇన్‌స్టాలా అన్నారు. క్లోన్ తప్పేమీ కాదు. సర్వర్‌ను క్లోన్‌జిల్లా (డ్రైవ్‌లను క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అంతే సైజు లేదా పెద్ద డ్రైవ్‌కు కాపీ చేస్తే గంటలో పని అయిపోతుంది. క్లోన్ అయ్యాక పాతదీ కొత్తదీ రెండూ తగిలించి బూట్ చేయకండి. రెండిటికీ ఒకే గుర్తింపు సంఖ్యలు ఉంటాయి, ఏది ఏదో సిస్టమ్‌కు తెలియదు. నా వరకైతే మీకు కొత్త ఇన్‌స్టాలే చెప్తాను. మీ లోకల్ ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మీద ఉంది, అది ఫైళ్ల లోపలి డేటాకు చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో పట్టుకునే లెక్క) పెట్టదు. అరిగిన డ్రైవ్‌లో ఎక్కడైనా ఒక ఫైల్ చెడిపోయి ఉంటే క్లోన్ ఆ చెడును కూడా నమ్మకంగా మోసుకొస్తుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. క్లోన్ చేస్తే మీ బ్యాకప్‌లు తిరిగి నిలబడతాయో లేదో మీకు ఎప్పటికీ తెలియదు. పాత డ్రైవ్ ఇంకా బతికి ఉండగా, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి ఉండగా, ఆ పరీక్ష చేసుకునే అవకాశం మీకు ఇప్పుడే వచ్చింది.

ముందు రోజు చేయాల్సినవి చెప్తాను. 4 టీబీ హార్డ్ డిస్క్‌లో ఒక ఫోల్డర్ చేసి, డేటాసెంటర్‌లో స్టోరేజ్ పేజీకి వెళ్లి డైరెక్టరీ రకంగా చేర్చండి, బ్యాకప్‌లు మాత్రమే అని ఎంచుకోండి. కమాండ్ లైన్‌లో ఆ స్టోరేజ్‌కు ఈజ్-మౌంట్‌పాయింట్ అనే ఆప్షన్ ఉంటుంది, దానికి హార్డ్ డిస్క్ మౌంట్ అయ్యే ఫోల్డర్ దారి ఇవ్వండి. అది పెట్టకపోతే ఏ రోజైనా యూఎస్‌బీ కేబుల్ ఊడినప్పుడు ప్రాక్స్‌మాక్స్ అదే పేరుతో బూట్ డ్రైవ్ మీద ఫోల్డర్ చేసుకుని అక్కడే బ్యాకప్ రాసేస్తుంది. రూట్ (ప్రాక్స్‌మాక్స్ సిస్టమ్ ఉండే జాగా) నిండిపోయి సర్వర్ మొరాయించే వరకు మనకు తెలియదు. తర్వాత మూడింటికీ కొత్త బ్యాకప్ ఒకటి నేరుగా ఈ స్టోరేజ్‌లోకి తీయండి.

ఆ బ్యాకప్ నుంచి పై-హోల్‌ను 999 లాంటి కొత్త నంబర్‌తో ఎన్‌వీఎంఈ మీదికి రీస్టోర్ చేయండి. స్టార్ట్ చేసే ముందు దాని నెట్‌వర్క్ డిస్కనెక్ట్ చేయండి, లేకపోతే ఒకే ఐపీతో ఇద్దరు తయారవుతారు. కన్సోల్‌లో లాగిన్ అయి, మీ సెట్టింగులు ఉన్నాయో లేదో చూసి ఆ 999 కాపీని తీసేయండి. వీఎంకు కూడా అలాగే చేయండి, రీస్టోర్ పెట్టెలో యూనిక్ అనే గడికి టిక్ పెడితే మ్యాక్ అడ్రస్ కూడా మారుతుంది. ఈ పరీక్షకు అరగంట పడుతుంది. ఇది చేశాక మీకు రాత్రి నిద్ర పడుతుంది.

ఇప్పుడు సెట్టింగుల ఫైళ్లు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. వీఎంల కాన్ఫిగ్‌లు ఈటీసీ ఫోల్డర్‌లో పీవీఈ అనే ఫోల్డర్‌లో కనిపిస్తాయి. నిజానికి అవి డిస్క్ మీద మామూలు ఫైళ్లుగా ఉండవు. ప్రాక్స్‌మాక్స్ నడుస్తున్నప్పుడు ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్ నుంచి వాటిని అక్కడ చూపిస్తుంది. 'డ్రైవ్ విప్పాక ఇంకో కంప్యూటర్‌కు పెట్టి కాపీ చేసుకుందాంలే' అనుకుంటే ఆ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. అందుకని సర్వర్ నడుస్తుండగానే ఈటీసీ ఫోల్డర్ మొత్తాన్ని ఒక టార్ ఫైల్‌గా (జిప్ లాంటి ఒకే మూటగా) చేసి మీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోండి. నెట్‌వర్క్ బ్రిడ్జ్ సెట్టింగులు, ఎఫ్‌స్టాబ్ (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైల్), హోస్ట్స్ ఫైల్, స్టోరేజ్ జాబితా, బ్యాకప్ షెడ్యూల్ అన్నీ దాంట్లో వచ్చేస్తాయి. ఇమిచ్ కంటైనర్‌కు ఫోల్డర్ హక్కుల కోసం సబ్‌యూఐడీ, సబ్‌జీఐడీ ఫైళ్లు ఎప్పుడైనా మార్చి ఉంటే అవీ అందులోనే ఉంటాయి. ఆ ఫోల్డర్ బయట ఉండేవి రూట్ హోమ్ ఫోల్డర్‌లోని మీ స్క్రిప్ట్‌లు, రూట్ క్రాన్‌ట్యాబ్ (వేళకు వాటంతటవే నడిచే పనుల జాబితా). వాటిని విడిగా తీసుకోండి. హోస్ట్ పేరు, ఐపీ, గేట్‌వే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

కాగితం అని ఊరికే అనలేదు. పై-హోల్ ఆగిపోతే మీ ఇంట్లో ఇంటర్నెట్ కూడా ఆగినట్టే. కమాండ్ వెతుక్కుందామంటే మీకే నెట్ ఉండదు. మొదలుపెట్టే ముందు రూటర్‌లో డీఎన్‌ఎస్‌ను తాత్కాలికంగా మీ ఇంటర్నెట్ కంపెనీదానికి మార్చండి. ఇంట్లో వాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. ప్రాక్స్‌మాక్స్ ఐఎస్‌ఓను (ఇన్‌స్టాల్ ఫైల్‌ను) ముందే పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, సర్వర్‌లో ఒకసారి బూట్ అవుతుందో లేదో చూడండి. అలా ఎక్కించడానికి రూఫస్ వాడితే డీడీ మోడ్ ఎంచుకోవాలి, ఎచర్‌తో ఆ గొడవ లేదు.

మీరు ఇంకా 8వ వెర్షన్‌లో ఉంటే ఈ సందర్భంలో 9కి వెళ్లిపోవచ్చు. పాత వెర్షన్‌లో తీసిన బ్యాకప్‌లు కొత్త దాంట్లో రీస్టోర్ అవుతాయి. పూల్‌ను అప్‌గ్రేడ్ చేయమని కొత్త సిస్టమ్ సూచన చూపిస్తే మాత్రం ఒక నెల దాకా ఆగండి. అప్‌గ్రేడ్ చేస్తే పాత ఎస్‌ఎస్‌డీ మీది సిస్టమ్ ఆ పూల్‌ను చదవలేకపోవచ్చు, అప్పుడు మీకు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది.

పని రోజున వీఎం, కంటైనర్లు అన్నీ ఆపి, సర్వర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేయండి. పాత ఎస్‌ఎస్‌డీ విప్పి కొత్తది బిగించండి. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ ఊడదీయండి. ఎన్‌వీఎంఈని కూడా ఆ ఒక్క స్క్రూ విప్పి పక్కన పెట్టండి. ఇన్‌స్టాలర్‌లో టార్గెట్ డిస్క్ ఎంచుకునేటప్పుడు జాబితాలో ఒక్క పేరే ఉంటే చెయ్యి పొరపాటు పడే అవకాశమే లేదు. ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 చాలు. ఒకే బూట్ డిస్క్ ఉన్న ఇంటి సర్వర్‌కు అది తేలిక, తక్కువ రాస్తుంది. పాత హోస్ట్ పేరు, పాత ఐపీ ఇవ్వండి. ఇన్‌స్టాల్ అయ్యాక బ్రౌజర్‌లో తెరిస్తే సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది, కంగారు పడకండి.

మళ్లీ ఆపి ఎన్‌వీఎంఈ బిగించి ఆన్ చేయండి. ఇక్కడ ఒక్క నిమిషం నిదానం. వెబ్ పేజీలో డిస్కుల కింద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే చోట క్రియేట్ అనే బటన్ ఉంటుంది, డిస్క్ జాబితాలో వైప్ అనే బటన్ ఉంటుంది. రెండూ మీకు పనికిరావు, రెండిటి జోలికీ వెళ్లకండి. మీ పూల్ ఉంది, దాన్ని తయారు చేయక్కర్లేదు, పిలిస్తే చాలు. షెల్‌లో జెడ్‌పూల్ ఇంపోర్ట్ అని కొడితే పూల్ పేరు చూపిస్తుంది. అదే కమాండ్‌కు ఆ పేరు, ఫోర్స్ ఆప్షన్ జోడించి మళ్లీ కొట్టండి. ఇంతకు ముందు వేరే సిస్టమ్ వాడింది కాబట్టి ఫోర్స్ అడుగుతుంది. తర్వాత డేటాసెంటర్ స్టోరేజ్‌లో ఆ పూల్‌ను పాత స్టోరేజ్ పేరుతోనే చేర్చండి. అక్షరం తేడా ఉన్నా వీఎం కాన్ఫిగ్‌లు తమ డిస్కులను వెతుక్కోలేవు. ఇప్పుడు టార్ ఫైల్ నుంచి హోమ్ అసిస్టెంట్ కాన్ఫిగ్‌ను క్యూఈఎంయూ-సర్వర్ ఫోల్డర్‌లోకి, ఇమిచ్ కాన్ఫిగ్‌ను ఎల్‌ఎక్స్‌సీ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. పేజీలో ఎడమ పక్కన రెండూ వెంటనే ప్రత్యక్షమవుతాయి. వాటి డేటా ఎన్‌వీఎంఈ మీద అలాగే ఉంది కాబట్టి రీస్టోర్ అక్కర్లేదు. పీవీఈ ఫోల్డర్ మొత్తాన్ని గంపగుత్తగా పాతదానితో కప్పేయకండి, కావలసిన ఫైళ్లు మాత్రమే తీసుకోండి.

హార్డ్ డిస్క్ తగిలించి, ఎఫ్‌స్టాబ్‌లో పాత లైను చేర్చండి. అందులో డిస్క్ పేరు బదులు యూయూఐడీ (డిస్క్ గుర్తింపు సంఖ్య) ఉండాలి, నోఫెయిల్ అనే మాట ఉండాలి. నోఫెయిల్ లేకపోతే హార్డ్ డిస్క్ కనిపించని రోజున సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మీరు ఊళ్లో లేనప్పుడు ఇలా జరిగితే ఇంట్లో వాళ్లు ఏమీ చేయలేరు. డిస్క్ మౌంట్ అయ్యాకే ఇమిచ్ స్టార్ట్ చేయండి. చివరగా బ్యాకప్ స్టోరేజ్ చేర్చి, పై-హోల్‌ను ఈసారి ఎన్‌వీఎంఈ మీదికి రీస్టోర్ చేయండి. అంతా కలిపి మూడు గంటలు పెట్టుకోండి.

కొనే డ్రైవ్ విషయం. బ్యాకప్‌లు బయటికి వెళ్లాక బూట్ డ్రైవ్ మీద రోజుకు 35 జీబీ కంటే తక్కువే పడుతుంది. ఏడాదికి 13 టీబీ అనుకుందాం. శాంసంగ్ 870 ఈవో 500 జీబీకి కంపెనీ చెప్పే పరిమితి 300 టీబీ. అంటే ఆ లెక్కన ఇరవై ఏళ్లు దాటుతుంది, ఈలోగా కంప్యూటరే మారిపోతుంది. ఆ తరగతి డ్రైవ్ ఏదైనా సరే, టీఎల్‌సీ ఫ్లాష్, డీర్యామ్ ఉన్నది చూసుకోండి. చవకగా వచ్చే, తొందరగా అరిగే క్యూఎల్‌సీ ఫ్లాష్ డ్రైవ్‌లు ఈ పనికి వద్దు. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) వైపు వెళ్తే సర్వర్ల నుంచి తీసిన ఎంటర్‌ప్రైజ్ సాటా డ్రైవ్‌ల కోసం కూడా అడిగి చూడండి. వాటిలో కరెంటు పోయినప్పుడు చేతిలో ఉన్న డేటాను రాసి ముగించేలా కెపాసిటర్లు ఉంటాయి. ఇంటెల్ ఎస్3700 లాంటివి 200 జీబీ సైజులో కూడా 3,650 టీబీ రాతకు రేట్ చేసినవి. షాపులోనే ల్యాప్‌టాప్‌కు తగిలించి స్మార్ట్ వివరాలు చూపించమనండి. చూపించనంటే కొనకండి. రెండు డ్రైవ్‌లు కొని మిర్రర్ (రెండిటిలోనూ ఒకే డేటా) పెట్టాలా అనే ఆలోచన వస్తే, ఆ డబ్బుతో ఫొటోల కోసం ఇంకో హార్డ్ డిస్క్ కొనమనే చెప్తాను.

కొత్త సిస్టమ్‌లో ఒక చిన్న మార్పు చేసుకోండి. మీకు ఒకటే మెషీన్ కాబట్టి ఇందాక చెప్పిన హై అవైలబిలిటీ సర్వీసులు పీవీఈ-హెచ్‌ఏ-సీఆర్‌ఎం, పీవీఈ-హెచ్‌ఏ-ఎల్‌ఆర్‌ఎం ఆపేయొచ్చు. క్లస్టర్ (కలిపి నడిపే చాలా మెషీన్లు) ఉంటే ఆపకూడదు. లాగ్‌లను ర్యామ్‌లో ఉంచే చిట్కా కూడా చాలామంది చెప్తారు. మన దగ్గర కరెంటు పోయే తీరుకు నేనది చెప్పను, సర్వర్ ఎందుకు ఆగిందో తెలియాల్సిన సమయంలోనే లాగ్‌లు లేకుండా పోతాయి. సర్వర్ ఇన్వర్టర్ మీద ఉంటే వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి దానిలో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

పాత ఎస్‌ఎస్‌డీని ఒక నెల తాకకుండా ఉంచండి. ఏదైనా ఫైల్ మరిచిపోయి ఉంటే అదే ఆధారం. అంతకు మించి దాన్ని బ్యాకప్‌గా నమ్మి బీరువాలో పెట్టకండి. మామూలు ఎస్‌ఎస్‌డీలకు జెడెక్ (మెమరీ చిప్‌లకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ఏమంటుందంటే, రాత పరిమితి పూర్తిగా వాడేశాక కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది పాటు డేటా నిలవాలి. వేడి పెరిగే కొద్దీ ఆ గడువు తగ్గిపోతుంది. మే నెలలో హనుమకొండలో మూసిన గదిలో బీరువా ఎంత వేడెక్కుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నెల అయ్యాక డ్రైవ్ టూల్‌తో సెక్యూర్ ఎరేజ్ చేసి ఈ-వేస్ట్‌కు ఇచ్చేయండి. దాంట్లో మీ పాస్‌వర్డ్‌లు, కీలు ఉన్నాయి కాబట్టి చెరపకుండా ఎవరికీ ఇవ్వకండి.

పని మొదలుపెట్టే ముందు రీస్టోర్ పరీక్షలో ఏదైనా ఎర్రర్ వస్తే ఆ మెసేజ్ యథాతథంగా నాకు రాసి పంపండి, పాత డ్రైవ్ మాత్రం అప్పటిదాకా విప్పకండి.